లాడ్జి బోర్డు చదివిన సుశీలమ్మ

సుశీలమ్మది జహీరాబాద్ దగ్గర ఒక పల్లె. భర్త అంజయ్య చెరుకు కొట్టే పనికి పోతాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. సరితకు పదమూడేళ్లు. రాజుకు ఎనిమిదేళ్లు. ఇంట్లో అత్తమ్మ ఉంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అంజయ్య అక్క బాలమణి కూడా వాళ్లతోనే ఉంటుంది.

రాజుకు ఒక్కటే కోరిక. రామోజీ ఫిలిం సిటీ చూడాలి. "మా బడి పిల్లలు చూసొచ్చిన్రు. నేనెప్పుడు చూస్త?" అని రోజూ అడిగేవాడు.

సుశీలమ్మ పొదుపు సంఘంలో సభ్యురాలు. ఏడాదిన్నర పాటు నెలకు 1,000 రూపాయలు వేరుగా దాచింది. మొత్తం 18,000 రూపాయలు అయ్యాయి. సుశీలమ్మ చదువు నేర్చుకున్నది కూడా ఆ ఏడాదిన్నరలోనే. సాయంత్రం పూట సెంటరుకు పోయి అక్షరాలు, అంకెలు నేర్చుకుంది.

దసరా సెలవులు వచ్చాయి. ఆరుగురూ పట్నం పోవాలనుకున్నారు. రెండు రాత్రులు అక్కడ ఉండాలి. మరి ఎక్కడ ఉండాలి?

ఎక్కడ ఉండాలి?

"లాడ్జి ఎందుకు? పైసలు దండుగ. ఇమ్లీబన్ బస్టాండుల పండుకుందాం" అన్నాడు అంజయ్య.

"అత్తమ్మ గచ్చు మీద ఎట్ల పండుకుంటది? సరిత పెద్దపిల్ల. స్నానం ఎక్కడ చేస్తది? పైసలు ఒళ్లో పెట్టుకొని రాత్రంతా ఎవరు మేలుకుంటరు?" అంది సుశీలమ్మ.

అంజయ్య మాట్లాడలేదు.

సెంటరు గోడకు హైదరాబాద్ పటం ఉంది. సుశీలమ్మ ఆ పటం ముందు నిలబడి ఆలోచించింది. ఫిలిం సిటీ నగరం నడిబొడ్డు నుంచి సుమారు 30 కిలోమీటర్లు. విజయవాడ పోయే రోడ్డు మీద, హయత్‌నగర్ దాటినాక వస్తుంది. జహీరాబాద్ నుంచి వచ్చే రోడ్డు, విజయవాడ పోయే రోడ్డు ఒకటే. అది 65వ నంబరు జాతీయ రహదారి. ఒక కొసకు తమ ఊరు, ఇంకో కొసకు ఫిలిం సిటీ. నడుమ హైదరాబాద్.

సుశీలమ్మకు మూడు దారులు కనిపించాయి.

ఒకటి, ఫిలిం సిటీ లోపల ఉండటం. అక్కడ సితార, తార అనే హోటళ్లు ఉన్నాయి. తిరిగే శ్రమ ఉండదు. కానీ ఖర్చు ఎక్కువ. కూలి చేసుకునే వాళ్లకు అది అందదు.

రెండు, ఎల్.బి.నగర్‌లో ఉండటం. అక్కడి నుంచి ఫిలిం సిటీ దగ్గర. కానీ అత్తమ్మ బిర్లా మందిరం చూడాలంటున్నది. అది ఎల్.బి.నగర్‌కు దూరం.

మూడు, అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ వైపు ఉండటం. జహీరాబాద్ బస్సు అమీర్‌పేట మీదుగానే పోతుంది. బిర్లా మందిరం, హుస్సేన్ సాగర్ దగ్గర. ఫిలిం సిటీ దూరమే. కానీ మెట్రో రైలు ఉంది. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కు 2018 సెప్టెంబర్ 24 నుంచి రైలు నడుస్తున్నది. ఎర్ర లైను రైలు ఎక్కితే మధ్యలో మారే పని లేదు. అమీర్‌పేటలో ఎక్కితే ఎల్.బి.నగర్ 16వ స్టేషను. ఖైరతాబాద్‌లో ఎక్కితే 13వ స్టేషను. అక్కడ దిగి బస్సు ఎక్కాలి.

"మూడోదే మనకు మంచిది" అంది సుశీలమ్మ.

చూడబోయే పార్కు ఎటువైపు ఉంటే అటు దారి చూసుకోవాలి. వండర్‌లా అనే పార్కు 2016లో మొదలైంది. అది రావిర్యాల దగ్గర ఉంది. అక్కడికి పోయే వాళ్ల లెక్క వేరు. ముందు పార్కు ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. తర్వాత లాడ్జి వెతకాలి.

మొదటి లాడ్జి

శనివారం తెల్లవారుజామున ఐదు గంటలకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కారు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపితే చాలు. అందుకని అంజయ్యకు పూర్తి టికెట్, రాజుకు అర టికెట్ తీసుకున్నారు. ఎనిమిది గంటలకు అమీర్‌పేటలో దిగారు.

అక్కడ ఎటు చూసినా బోర్డులే. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు. "ఇన్ని ఉన్నయి గదా, ఏదన్నా ఒకటి చూద్దాం" అంది బాలమణి.

"వదినె, అవి హాస్టళ్లు. చదువుకునే పిల్లలకు నెల లెక్కన ఇస్తరు. మనకు లాడ్జి కావాలె" అంది సుశీలమ్మ.

కొంచెం దూరంలో ఒక లాడ్జి కనిపించింది. అంజయ్య అద్దె అడిగాడు. "గది 800" అన్నాడు మేనేజరు. అంజయ్యకు నచ్చింది. సుశీలమ్మ గోడ మీది బోర్డు చదివింది. కూడబలుక్కుంటూ చదివింది.

"గది అద్దె రూ. 800. గదికి ముగ్గురు. ఖాళీ చేయు సమయం మధ్యాహ్నం 12 గంటలు. పన్ను అదనం."

"అన్నా, మేము ఇప్పుడు దిగుతం. సోమవారం పొద్దున ఏడు గంటలకు పోతం. ఎన్ని రోజుల లెక్క?" అని అడిగింది.

"ఇవాళ 12 గంటలకు ఒక రోజు అయిపోతుందమ్మా. రేపు 12 కు రెండు. సోమవారం పొద్దున ఉన్నందుకు మూడు" అన్నాడు మేనేజరు.

సుశీలమ్మ వేళ్ల మీద లెక్క వేసింది. ఉండేది రెండు రాత్రులు. కట్టేది మూడు రోజులకు!

2 గదులు, 3 రోజులు, రోజుకు 800. మొత్తం 4,800 రూపాయలు. పన్ను 5 శాతం. అంటే 240. అన్నీ కలిపి 5,040 రూపాయలు.

"ఇంకోటి చూద్దాం" అంది సుశీలమ్మ.

రెండో లాడ్జి

రోడ్డు మీద ఒకతను వాళ్ల వెంట పడ్డాడు. "గది 500 కే ఇప్పిస్తా. రండి, రండి" అన్నాడు. బాలమణి చేతిలో సంచి అందుకోబోయాడు. బాలమణి సంచి ఇవ్వలేదు. కానీ 500 మాట అంజయ్య చెవిలో పడింది.

"చూస్తే తప్పేముంది?" అన్నాడు.

గల్లీలో నాలుగంతస్తుల ఇల్లు. కింద వరుసగా బ్యాటరీ బండ్లు ఉన్నాయి. వాటికి కరెంటు వైర్లు తగిలించి ఛార్జింగు పెట్టారు. ఆ బండ్ల పక్క నుంచే మెట్లు. ఇద్దరు పక్కపక్కన ఎక్కలేనంత ఇరుకు. పైన గదులు మూడో అంతస్తులో ఉన్నాయి. అత్తమ్మ ఆయాసపడుతూ ఎక్కింది.

వరండా చివర ఇంకో తలుపు ఉంది. దాని మీద ఎర్ర రంగుతో "అత్యవసర ద్వారం" అని రాసి ఉంది. తలుపుకు గొలుసు, తాళం. ముందు పాత మంచాలు పేర్చి ఉన్నాయి.

"తమ్మీ, ఈ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటది?" అని సుశీలమ్మ పని చేసే పిల్లవాణ్ని అడిగింది.

"ఓనరు దగ్గర ఉంటదమ్మా. ఆయన ఇంటి కాడ ఉంటడు."

సుశీలమ్మ అంజయ్య వైపు తిరిగింది. "పోదాం పా" అంది.

"రెండు రోజులకు 2,000 తోని అయిపోతది. సగానికి సగం తక్కువ. రెండు రాత్రులకు ఏమైతది?" అని అంజయ్య కోపం చేశాడు.

సుశీలమ్మ సెంటరులో చదివిన సంగతి చెప్పింది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ ఉన్న భవనంలో నిప్పు అంటుకుంది. కింద బ్యాటరీ స్కూటర్ల షోరూం ఉంది. మంటలు కింద మొదలయ్యాయి. పొగ మెట్ల మీదుగా పై గదులకు ఎక్కింది. బయటపడే దారి లేక జనం కిటికీల నుంచి దూకారు. 8 మంది చనిపోయారు. పని మీద వేరే ఊళ్ల నుంచి వచ్చి దిగిన వాళ్లు వాళ్లలో ఉన్నారు.

"వాళ్లు కూడా ఒక్క రాత్రికే అనుకొని ఉంటరు" అంది సుశీలమ్మ.

అంజయ్య ఆ తాళం వైపు చూశాడు. అమ్మ మోకాళ్ల వైపు చూశాడు. రాజును ఎత్తుకొని మెట్లు దిగాడు.

మూడో లాడ్జి

మెట్రో ఎక్కి ఖైరతాబాద్‌లో దిగారు. పంజాగుట్టలో దిగుదామని బాలమణి అంది. కానీ పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. రోగుల వెంట వచ్చిన వాళ్లు చుట్టుపక్కల గదుల్లో నెలల తరబడి ఉంటారు. అక్కడ గది దొరకడం కొంచెం కష్టం. ఖైరతాబాద్‌లో కూడా వినాయక చవితి రోజుల్లో ఇబ్బందే. 1954 నుంచి అక్కడ పెద్ద వినాయకుణ్ని నిలబెడుతున్నారు. చూడటానికి లక్షల మంది వస్తారు. ఇప్పుడు చవితి అయిపోయింది. రద్దీ లేదు.

స్టేషనుకు దగ్గరలో ఒక లాడ్జి కనిపించింది. బోర్డు మీద ఇట్లా ఉంది.

"గది అద్దె రూ. 1,000. గదికి ముగ్గురు. దిగిన సమయం నుంచి 24 గంటలు. పన్ను అదనం."

"అమ్మో, వెయ్యి!" అంది అత్తమ్మ.

"అత్తమ్మా, ఆగు. లెక్క చూద్దాం" అంది సుశీలమ్మ.

ఇప్పుడు శనివారం పొద్దున 9 గంటలు. సోమవారం పొద్దున 9 లోపల పోతే రెండు రోజులే. 2 గదులు, 2 రోజులు, రోజుకు 1,000. మొత్తం 4,000. పన్ను 200. అన్నీ కలిపి 4,200 రూపాయలు.

800 రూపాయల గదికి 5,040. వెయ్యి రూపాయల గదికి 4,200. ఎక్కువ అద్దె గదికే 840 రూపాయలు తక్కువ అయ్యాయి!

సుశీలమ్మ డబ్బు ఇవ్వలేదు. ముందు గది చూపమంది. తలుపు గడియ వేసి చూసింది. నల్లా తిప్పి చూసింది. పరుపు ఎత్తి నల్లులు ఉన్నాయేమో చూసింది. కిటికీ తెరిచింది. రెండో మెట్ల దారి ఎటు ఉందో అడిగింది. ఆ దారిన కిందికి దిగి చూసింది. తాళం లేదు. లిఫ్టు ఉంది. అయినా అత్తమ్మ కోసం మొదటి అంతస్తులోనే గదులు అడిగింది.

గుర్తింపు కోసం మేనేజరు ఆధార్ అడిగాడు. సుశీలమ్మ జిరాక్సు ఇచ్చింది. దాని మీద లాడ్జి పేరు, తేదీ రాసి సంతకం పెట్టింది. అట్లా రాస్తే ఆ కాగితాన్ని వేరే పనికి వాడుకోవడం కష్టం.

అడ్వాన్సుగా 1,000 రూపాయలు ఇచ్చింది. మేనేజరు రిజిస్టరులో రాశాడు. ఇంకు డబ్బా సుశీలమ్మ ముందుకు జరిపాడు.

"వేలు ఎందుకన్నా? పెన్ను ఇవ్వు" అంది సుశీలమ్మ.

పెన్ను తీసుకుంది. కానీ వెంటనే సంతకం పెట్టలేదు. రాసింది చదివింది. పేర్లు సరిగానే ఉన్నాయి. తేదీ సరిగానే ఉంది. సమయం 9 గంటలు, సరే. అడ్వాన్సు దగ్గర ఆగింది.

"అన్నా, ఇక్కడ 500 అని ఉన్నది. నేను ఇచ్చింది 1,000."

మేనేజరు రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. "పొరపాటైందమ్మా" అని దిద్దాడు. రసీదు కూడా రాసి ఇచ్చాడు.

పొరపాటో, కావాలని చేసిందో సుశీలమ్మ అడగలేదు. దిద్దిన అంకె ఇంకోసారి చదివింది. అప్పుడు సంతకం పెట్టింది. రసీదు మడిచి చీర కొంగున ముడి వేసుకుంది.

రెండు రోజులు

ఆ సాయంత్రం బిర్లా మందిరం చూశారు. అది గుట్ట మీద తెల్లటి పాలరాతితో కట్టిన గుడి. హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కుకు పోయారు. చెరువు నడుమ బుద్ధుడి విగ్రహం ఉంది. దాన్ని 1992 డిసెంబర్ 1న అక్కడ నిలబెట్టారు. లాడ్జి దగ్గర కాబట్టి అత్తమ్మ అలసిపోగానే వెనక్కి వచ్చారు.

ఆదివారం పొద్దున్నే మెట్రో ఎక్కారు. ఎల్.బి.నగర్‌లో దిగి బస్సు ఎక్కారు. ఫిలిం సిటీ 1996లో మొదలైంది. ప్రపంచంలో అన్నింటికంటే పెద్ద ఫిలిం స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలో దాని పేరు ఉంది. దాని విస్తీర్ణం 1,666 ఎకరాలు. అంత నడవాలంటే ఎవరి వల్లా కాదు. లోపల బస్సులో తిప్పుతారు. రాజు సినిమా సెట్లు చూసి గంతులు వేశాడు. అత్తమ్మ బస్సులో కూర్చొనే చూసింది. టికెట్లకు దాచిన డబ్బులో సగం దాకా పోయింది. అయినా లాడ్జి దగ్గర మిగిలిన 840 రూపాయలు ఆ రోజు తిండికి పనికొచ్చాయి.

రాత్రి పోయేటప్పుడు భయపడలేదు. చివరి మెట్రో ఎన్ని గంటలకో పొద్దున్నే అడిగి పెట్టుకున్నారు.

సోమవారం పొద్దున ఏడు గంటలకు గదులు ఖాళీ చేశారు. మొత్తం 4,200. మేనేజరు పుస్తకం చూసి అడ్వాన్సు 1,000 తీసేశాడు. సుశీలమ్మ మిగిలిన 3,200 కట్టి బిల్లు తీసుకుంది.

అమీర్‌పేటలో బస్సు కోసం నిలబడ్డారు. అత్తమ్మ సుశీలమ్మ చెయ్యి పట్టుకుంది.

"సుశీలా, ఊరికి పోయినంక నాకు గూడ నేర్పు."

"ఏం నేర్పాలె అత్తమ్మా?"

"ముందుగాల అంకెలు. ఆ బోర్డు మీద రాసినయి" అంది అత్తమ్మ.

గుర్తు పెట్టుకుందాం

1. చూడబోయే చోటు ఎక్కడ ఉందో ముందు తెలుసుకోవాలి. పోయే దారి, వచ్చే దారి చూసుకొని లాడ్జి ఎంచుకోవాలి.
2. అద్దె ఒక్కటే చూడవద్దు. రోజును ఎట్లా లెక్క పెడతారో అడగాలి. 12 గంటల నుంచి 12 గంటలా? దిగినప్పటి నుంచి 24 గంటలా?
3. గదికి ఎంతమంది ఉండవచ్చు? అదనపు మనిషికి ఎంత? పిల్లలకు ఎంత? ముందే అడగాలి.
4. 2025 సెప్టెంబర్ 22 నుంచి, రోజుకు 7,500 రూపాయల లోపు అద్దె గదులకు పన్ను 5 శాతం. జి.ఎస్.టి. నంబరు లేని లాడ్జి పన్ను పేరుతో డబ్బు వసూలు చేయరాదు. బిల్లు మీద ఆ నంబరు చూడాలి.
5. గది చూసినాకే డబ్బు ఇవ్వాలి. ముక్కు మొహం తెలియని వాళ్లకు ఫోనులో డబ్బు పంపవద్దు. ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు.
6. బయటపడే రెండో దారి ఉండాలి. దానికి తాళం ఉండకూడదు. నిప్పు అంటుకుంటే లిఫ్టు ఎక్కవద్దు. పొగలో వంగి, ముక్కుకు తడి గుడ్డ పెట్టుకొని బయటికి పోవాలి.
7. చదవకుండా సంతకం పెట్టవద్దు. డబ్బు ఇస్తే రసీదు తీసుకోవాలి.

ఈ నంబర్లు రాసి పెట్టుకోండి

ఏ ఆపద వచ్చినా: 112
ఆడవాళ్లకు సాయం: 181
నిప్పు అంటుకుంటే: 101
ఫోనులో డబ్బు మోసం జరిగితే: 1930
కొన్న వస్తువులో, సేవలో మోసం జరిగితే: 1915

లెక్క చేయండి

1. సుశీలమ్మ కుటుంబం మొదటి లాడ్జిలో మధ్యాహ్నం ఒంటి గంటకు దిగిందనుకుందాం. అప్పుడు రెండు రోజుల లెక్కే. రెండు గదులకు పన్నుతో కలిపి ఎంత అవుతుంది? అప్పుడు ఏ లాడ్జి చవక?
2. పొద్దున ఎనిమిది నుంచి ఒంటి గంట దాకా ముసలామెను, సామాన్లను ఎక్కడ ఉంచాలి? దానికి ఎంత ఖర్చు అవుతుంది?
3. అడ్వాన్సు 500 అని ఉన్న కాగితం మీద సుశీలమ్మ సంతకం పెట్టి ఉంటే ఎంత నష్టపోయేది?

మాట్లాడుకోండి

1. రెండో లాడ్జిలో ఉంటే 2,000 రూపాయలతో అయిపోయేది. సుశీలమ్మ చేసింది సరైనదేనా? మీరైతే ఏం చేసేవాళ్లు?
2. మీ ఊరి నుంచి పట్నం పోయి మోసపోయిన వాళ్లు ఉన్నారా? ఏం చదివి ఉంటే ఆ మోసం తప్పేది?
3. మీ ఊళ్లో సుశీలమ్మ అత్తమ్మ లాంటి వాళ్లు ఎవరు? వాళ్లకు అంకెలు ఎవరు నేర్పుతారు?

కొత్త మాటలు రాయండి

అద్దె, అడ్వాన్సు, అదనం, రసీదు, అత్యవసర ద్వారం, సంతకం